గ్యాస్ బండకు గేజ్ ఎందుకు ఉండదు?

ఆసుపత్రిలోని ఆక్సిజన్ సిలిండర్‌కు లోపలి పీడనం చూపే, ముల్లు తిరిగే గేజ్ ఉంటుంది. సీఎన్‌జీ కారుకు ఉంటుంది. ఆఫీసు గోడకు తగిలించిన, మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్‌కూ చిన్నదొకటి ఉంటుంది. ఇంట్లో వంట గ్యాస్ బండకు మాత్రం ఉండదు. ఆ ఏబీసీ పక్కనే, నల్లటి కొమ్ముతో వేలాడే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కూ ఉండదు. ఖర్చు తగ్గించుకోవడానికి మానేసింది కాదిది. ఆ రెంటికీ గేజ్ బిగించినా అది మనకు కావలసిన సంగతి చెప్పదు. లోపల ఎంత సరుకుందో అడిగితే, లోపల ఎంత వేడిగా ఉందో చెబుతుంది.

పదార్థ స్థితుల పాఠంలో ఘనానికి ఆకారం ఉంటుందని, ద్రవానికి ఘనపరిమాణం మాత్రమే ఉంటుందని, వాయువుకు రెండూ ఉండవని మూడింటినీ విడివిడిగా చెప్పి వదిలేస్తారు. నిజానికి వాడకంలో మనకు ఎక్కువగా తగిలేది రెండు స్థితులు ఒకే పాత్రలో కలిసి ఉండడం. అలాంటప్పుడు పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతల లెక్క చెప్పే వాయు నియమాలు ఎక్కడ పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో తెలియకపోతే లెక్కలన్నీ తప్పుతాయి. ఒక్కోసారి ప్రమాదం కూడా.

ముందు బండ సంగతి చూద్దాం. 14.2 కిలోల ఇంటి బండలో మొత్తం చోటు 33.3 లీటర్లు. అందులో నింపేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. మామూలు గాలి పీడనంలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, నార్మల్ బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అంటే బయట పెడితే రెండూ వాయువులే. కానీ మూసిన బండలో కొన్ని బార్ల పీడనానికే (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి పీడనమంత) ద్రవమైపోతాయి. 30 డిగ్రీల వంటింట్లో ఆ ద్రవం లీటరు సుమారు 0.53 కిలోలు తూగుతుంది కాబట్టి 14.2 కిలోలకు 27 లీటర్ల చోటు సరిపోతుంది. బండలో అయిదింట నాలుగు వంతులు ద్రవం, పైన మిగిలిన అయిదో వంతు ఆవిరి. మనం పొయ్యికి వాడుకునేది ఆ పైనున్న ఆవిరిని.

ద్రవం పైభాగం నుంచి అణువులు తప్పించుకుని ఆవిరిలోకి పోతుంటాయి. ఆవిరిలోంచి కొన్ని మళ్ళీ ద్రవంలో పడుతుంటాయి. పోయేవీ వచ్చేవీ సమానమైన చోట పీడనం నిలుస్తుంది. దాన్నే బాష్ప పీడనం అంటారు. ఇది ద్రవం ఎంత ఉందన్న దాని మీద ఆధారపడదు, ఎంత వేడిగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. గాలి పీడనాన్ని కలుపుకుని చెబితే, శుద్ధమైన ప్రొపేన్‌కు 20 డిగ్రీల దగ్గర 8.4 బార్లు, 40 డిగ్రీల దగ్గర 13.7 బార్లు. బ్యూటేన్‌కు అదే 2.1, 3.8. ఇంటి బండ మిశ్రమం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 14 కిలోల ద్రవం ఉన్నా, ఒక కిలో ఉన్నా, వంటిల్లు ఒకే వేడిలో ఉంటే ముల్లు దాదాపు ఒకే చోట నిలుస్తుంది. ఉదయం కంటే మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గ్యాస్ పెరిగిందనుకోలేం కదా.

దాదాపు అనడానికి కారణం ఉంది. మిశ్రమంలో ప్రొపేన్‌కు తొందరెక్కువ, ముందుగా ఆవిరయ్యేది అదే. బండ ఖాళీ అవుతున్న కొద్దీ మిగిలే ద్రవంలో బ్యూటేన్ పాలు పెరుగుతుంది, పీడనం నెమ్మదిగా తగ్గుతుంది. కానీ ఈ తగ్గుదల వంటింటి ఎండపొద్దు, చల్లపొద్దు తేడాల్లో కలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో బండకు బిగించుకోమని అమ్మే గేజ్‌లలో పీడనం కొలిచేవన్నీ ఈ దెబ్బకే పనికిరాకుండా పోతాయి. ఆ డబ్బుతో మంచి కొక్కెం కాటా వస్తుంది.

మరి ఆఖరి ద్రవపు బొట్టు ఆవిరయ్యాక? అప్పుడు బండలో ఉన్నది వాయువు మాత్రమే. అప్పటి నుంచి వాయు నియమాలు అచ్చంగా పనిచేస్తాయి. చివర్లో మిగిలేది ఎక్కువగా బ్యూటేన్ కాబట్టి 30 డిగ్రీల దగ్గర 3 బార్లు అనుకుందాం. 33.3 లీటర్లలో 3 బార్ల దగ్గర సుమారు 4 మోల్‌లు పడతాయి. మోల్‌కు 58 గ్రాముల చొప్పున 230 గ్రాములు. బండలో పీడనం బయటి గాలి పీడనానికి దిగేసరికి ఇక బయటికి రాదు. అప్పటికి లోపల దాదాపు 77 గ్రాములు ఉండిపోతుంది. వాడుకోగలిగింది 150 గ్రాముల చిల్లర. 2 కిలోవాట్ల బర్నర్‌ను పూర్తి మంట మీద పెడితే గంటకు 157 గ్రాములు కాలుతుంది. లెక్కేస్తే, నిండు బండ ఆ ఒక్క బర్నర్‌కు 90 గంటలు వస్తుంది, గేజ్ ముల్లు నిజంగా కిందికి దిగేది ఆ ఆఖరి గంటలోనే. అప్పటికి మంట మనకే చెబుతుంది.

కాబట్టి బండను తూకం వేయాలి. ఖాళీ బండ బరువు ఒక్కో బండకు ఒక్కోలా ఉంటుంది, ఎక్కువగా 15, 16 కిలోల చుట్టుపక్కల. పై రింగును మోసే పట్టీల దగ్గర అది రాసి ఉంటుంది. దానికి 14.2 కలిపితే నిండు బండ బరువు. 15.8 అని ఉంటే కాటా 30.0 చూపాలి. డెలివరీ మనిషి దగ్గర కాటా ఉంటుంది, అడిగి తూకం వేయించుకోవడం మొహమాటపడాల్సిన పని కాదు. తూకం సీలు తీయకముందే వేయించాలి. వాడుతున్న బండను తూచాలంటే రెగ్యులేటర్ తీసి తూచండి, పైపు లాగుతుంటే లెక్క రాదు. అవే పట్టీల లోపలి వైపు ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, దాని పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే మార్చి చివర, బీ జూన్, సీ సెప్టెంబర్, డీ డిసెంబర్. ఆ గడువు దాటిన బండను తీసుకోవద్దు.

కాటా లేకపోతే తడిగుడ్డ పద్ధతి ఉంది, అదీ శాస్త్రీయమే. పొయ్యి అరగంట పాటు వెలిగాక బండ చుట్టూ తడిగుడ్డతో పైనుంచి కింది దాకా ఒకేసారి తుడవండి. రెండు మూడు నిమిషాల్లో పైభాగం ఆరిపోతుంది, కింద కొంత మేర తడి నిలుస్తుంది. ఆ గీత దగ్గరే లోపలి ద్రవం మట్టం. ద్రవం ఆవిరవుతూ తన వేడిని పోగొట్టుకుంటుంది, అది తగిలి ఉన్న ఉక్కు గోడ చల్లగా ఉంటుంది. పైన ఆవిరి మాత్రమే తగిలే గోడ బయటి గాలి వేడికి తొందరగా చేరుకుంటుంది. ఫ్యాన్ కింద చేస్తే గీత సరిగ్గా తేలదు.

ఇక అందరూ చేసే, ఎవరూ చేయకూడని పని. మంట తగ్గగానే బండను పడుకోబెట్టడం, ఊపడం. పడుకోబెడితే నిజంగానే కాస్త మంట వస్తుంది, అందుకే అలవాటు పోవడం లేదు. అడుగున మిగిలిన ద్రవం వెడల్పుగా పరుచుకుని ఎక్కువ గోడకు తగులుతుంది, ఎక్కువ వేడి అందుకుని ఎక్కువ ఆవిరవుతుంది. కానీ వాల్వు ఆవిరి ఉన్న చోట ఉండేలా బండను నిలబెట్టి వాడాలని తయారుచేశారు. పడుకోబెడితే ద్రవం వాల్వు దాకా వచ్చి రెగ్యులేటర్‌లోకి పోవచ్చు. ఒక మిల్లీలీటరు ద్రవం బయటికి వచ్చి ఆవిరైతే సుమారు 250 మిల్లీలీటర్ల వాయువు. రెగ్యులేటర్ పొయ్యికి పంపాల్సింది చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల పీడనం, అంటే 30 సెంటీమీటర్ల నీటి మట్టమంత. దాని రబ్బరు పొర ఆవిరిని అదుపు చేయడానికి ఉంది, ద్రవాన్ని కాదు. ద్రవం పైపులోకి చేరిందంటే బర్నర్ మీద మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది. మిగిలిన వంద గ్రాముల కోసం ఆ పని చేయొద్దు.

హోటళ్ళలో, పెళ్ళి వంటల దగ్గర కనిపించేది ఇంకో రకం. పెద్ద బర్నర్ మీద డేగిసా పెట్టి గంట గడిచేసరికి బండ చుట్టూ నీళ్ళు పడతాయి, తర్వాత అడుగున తెల్లగా మంచు పేరుకుంటుంది, మంట నీరసపడుతుంది. గ్యాస్ అయిపోయిందని బండ మారుస్తారు. పక్కన పెట్టిన బండ అరగంట తర్వాత ఎత్తి చూస్తే ఇంకా బరువుగానే ఉంటుంది. కారణం గుప్తోష్ణం. ఒక కిలో ద్రవం ఆవిరవ్వాలంటే సుమారు 370 కిలోజౌళ్ళ వేడి కావాలి. అది గోడల గుండా బయటి గాలి నుంచి రావాలి. వాడకం ఎక్కువైతే అంత వేగంగా రాదు, అప్పుడు ద్రవం తన వేడినే ఖర్చు పెట్టుకుంటుంది. 19 కిలోల బండలో 10 కిలోల ద్రవం మిగిలి ఉందనుకోండి. ఉక్కుతో కలిపి దాన్ని ఒక డిగ్రీ చల్లబరచడానికి 33 కిలోజౌళ్ళు పోవాలి. అంటే బయటి నుంచి వేడి అందకపోతే ఒక కిలో గ్యాస్ వాడేసరికి బండ 11 డిగ్రీలు చల్లబడుతుంది. మిగిలింది 3 కిలోలే అయితే అదే కిలోకు 23 డిగ్రీలు. మంచు ఎప్పుడూ బండ సగం దాటాకే ఎందుకు పడుతుందో ఈ లెక్కలో ఉంది. చల్లబడ్డ ద్రవానికి బాష్ప పీడనం తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ పీడనం బయటి గాలి పీడనంతో సమానం, ఇక నెట్టేదేమీ ఉండదు.

దీనికి వేడినీళ్ళు పోయడం, కింద మంట పెట్టడం చాలామంది చేసే పనులు. రెండూ పొరపాట్లే. ఎంత వేడి ఎక్కిందో తెలిసే దారి లేదు, పైగా బాష్ప పీడనం ఉష్ణోగ్రతతో తిన్నగా పెరగదు, పైకి వెళ్ళేకొద్దీ ఇంకా ఏటవాలుగా పెరుగుతుంది. సరైన మందు బండల సంఖ్య పెంచడం. గంటకు 2 కిలోలు కాల్చే పొయ్యికి ఒక బండకు బదులు నాలుగు బండలు ఒకే గొట్టానికి కలిపితే ఒక్కో దాని నుంచి అరకిలోనే పోతుంది, ఆ వేగానికి గోడల గుండా వచ్చే వేడి చాలావరకు సరిపోతుంది. బండల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వదలండి, గాలి తిరగాలి. గోనెసంచులు కప్పితే మంచు ఇంకా తొందరగా పడుతుంది, ఎందుకంటే వేడి వచ్చే దారిని మనమే మూశాం.

పైన అయిదో వంతు ఖాళీ ఎందుకు వదులుతారన్నది మరో ముఖ్యమైన సంగతి. ద్రవాలు వేడికి పెద్దగా పెరగవని నీళ్ళను చూసి అనుకుంటాం. ఎల్‌పీజీ ద్రవం నీటి కంటే దాదాపు పది రెట్లు ఎక్కువగా పెరుగుతుంది, డిగ్రీకి వందకు పావు పాలు చొప్పున. 30 నుంచి 60 డిగ్రీలకు వెళితే 27 లీటర్లు 29 అవుతుంది. ఆవిరి చోటు ఉన్నంత కాలం పర్వాలేదు, ఆవిరి నొక్కుకుని మళ్ళీ ద్రవంలో కలుస్తుంది, పీడనం బాష్ప పీడనం దగ్గరే ఆగుతుంది. ఆ చోటు లేకుండా అంచు దాకా నింపితే మాత్రం పెరిగే ద్రవానికి పోయే దారి ఉండదు. ద్రవాన్ని నొక్కలేం కాబట్టి ఒక్కో డిగ్రీకి పీడనం బార్ల కొద్దీ ఎగబాకుతుంది, ఉక్కు చీలుతుంది. పెద్ద బండలోంచి చిన్న బండలోకి దొంగచాటుగా నింపే చోట్ల ఉన్న అసలు అపాయం ఇదే. అక్కడ నిండాక ఆపేది తూకం చూసి కాదు, అంచనాతో.

ద్రవాన్ని నొక్కలేం అన్న గుణాన్నే పరీక్షకు వాడుకుంటారు. బండలను చదరపు సెంటీమీటరుకు 25 కిలోల పీడనం దగ్గర నీళ్ళతో పరీక్షిస్తారు, గాలితో కాదు. ఆ పీడనానికి 33 లీటర్ల నీరు కుంచించుకునేది 40 మిల్లీలీటర్లలోపే. ఉక్కు పగిలితే ఆ కాస్త నీరు చిమ్మగానే పీడనం సున్నా. అదే గాలి అయితే 25 రెట్లు విస్తరించేదాకా ఆగదు, పగిలిన ముక్కల్ని విసిరేస్తుంది.

లీకు దగ్గర పనికొచ్చే లెక్క మోలార్ ద్రవ్యరాశి. ఒకే పీడనంలో, ఒకే వేడిలో ఏ వాయువైనా ఒకే చోటులో అన్నే అణువులు ఉంటాయి. కాబట్టి అణువు బరువెంతో వాయువు సాంద్రత అంత. గాలికి సగటున 29, ప్రొపేన్‌కు 44, బ్యూటేన్‌కు 58. గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారిన గ్యాస్ నేల మీద పరుచుకుంటుంది, గడప దిగి పక్క గదిలోకి, మెట్ల కిందికి, డ్రైనేజీలోకి పారుతుంది. వాయువులన్నీ వ్యాపనం చెంది కలిసిపోతాయి కదా అంటే నిజమే, కానీ గాలి కదలని గదిలో దానికి గంటలు పడుతుంది.

గాలిలో ఎల్‌పీజీ వందకు 1.8 నుంచి 9.5 పాళ్ళు ఉన్నప్పుడు అంటుకుంటుంది. 3 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న వంటింట్లో నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తు దాకా 4.5 ఘనపు మీటర్ల గాలి. అందులో 1.8 పాళ్ళంటే 81 లీటర్ల వాయువు, బరువులో 165 గ్రాములు. పైన చెప్పిన 2 కిలోవాట్ల బర్నర్ నాబ్ వెలిగించకుండా గంటసేపు తిప్పి వదిలేస్తే అంతే వస్తుంది. మొత్తం గదికి లెక్కేస్తే 800 గ్రాములకు పైగా కావాలి, కానీ గ్యాస్ అలా గదంతా సమంగా పరుచుకునేదాకా ఆగదు. వాసన కోసం కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ అంటుకునే స్థాయిలో అయిదో వంతు దగ్గరే ముక్కుకు తెలియాలన్నది కొలత. వాసన వచ్చిందంటే ఇంకా కొంత సమయం ఉన్నట్టే. ఆ సమయంలో రెగ్యులేటర్ స్విచ్ ఆఫ్ చేసి, తలుపులు బార్లా తీయాలి. నేల దాకా ఉన్న తలుపు తీయడం కిటికీ తీయడం కంటే ముఖ్యం. పైన ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ అడుగున పేరుకున్న గ్యాస్‌ను లాగదు, పైగా దాని స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వే చాలు. లైట్ వేయొద్దు, వెలుగుతున్న దాన్ని ఆర్పొద్దు. బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి.

లీకులు ఎక్కువగా వాల్వు లోపలి నల్లటి రబ్బరు రింగు దగ్గర, పైపు చివర్ల దగ్గర వస్తాయి. కొత్త బండ టోపీ తీయగానే ఆ రింగు ఉందా, చిట్లిందా చూడాలి. రెగ్యులేటర్ బిగించాక సబ్బునురుగు రాసి బుడగలు చూడండి. అగ్గిపుల్లతో చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రెండో సగం. ప్రొపేన్ కొన్ని బార్లకే ద్రవమైతే ఆక్సిజన్ 150 బార్ల దగ్గర కూడా ఎందుకు కాదు? 1869లో బెల్‌ఫాస్ట్‌కు చెందిన థామస్ ఆండ్రూస్ కార్బన్ డయాక్సైడ్ మీద చేసిన ప్రయోగాలు దీనికి జవాబిచ్చాయి. 31 డిగ్రీల కంటే వేడిగా ఉన్నప్పుడు ఆ వాయువును ఎంత నొక్కినా ద్రవం విడిగా ఏర్పడడం లేదని ఆయన చూపించారు. ప్రతి వాయువుకూ ఇలాంటి హద్దు ఒకటుంది, దాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఆ హద్దుకు పైన అణువుల పరుగు వాటి మధ్య ఆకర్షణకు లొంగదు. బ్యూటేన్‌కు ఈ హద్దు 152 డిగ్రీలు, ప్రొపేన్‌కు 97. మన వాతావరణం వీటికి చాలా కింద, అందుకే అవి బండలో ద్రవంగా ఒదుగుతాయి. సీఎన్‌జీలోని మీథేన్‌కు మైనస్ 83, ఆక్సిజన్‌కు మైనస్ 119, నైట్రోజన్‌కు మైనస్ 147. ఇవి సిలిండర్‌లో ఎప్పుడూ వాయువులే. కాబట్టి వీటికి గేజ్ నిజం చెబుతుంది.

ఆసుపత్రి బి టైపు సిలిండర్ లోపలి చోటు 10 లీటర్లు. 150 బార్లకు నింపితే 1,500 లీటర్ల ఆక్సిజన్. పెద్దదైన డి టైపులో 46.7 లీటర్ల చోటు, అంటే 7,000 లీటర్లు. వేడి మారకపోతే పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదనే బాయిల్ నియమం తప్ప ఇందులో వేరే లెక్క లేదు. గేజ్ 60 చూపుతుంటే బి టైపులో ఉన్నది 600 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున పెడితే రెండు గంటలు. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళకు ఈ గుణకారం నోటికి రావాలి. అయితే ఆ రెండు గంటలనూ పూర్తిగా నమ్ముకోవద్దు. ముల్లు 20కి దిగగానే రెండో సిలిండర్ సిద్ధంగా ఉండాలి.

ఆక్సిజన్ వాల్వును ఎప్పుడూ నెమ్మదిగా తెరవాలి. ఒక్కసారిగా తిప్పితే రెగ్యులేటర్ గొట్టంలో ఉన్న కాస్త వాయువు క్షణంలో ఒక బార్ నుంచి 150 బార్లకు నొక్కుకుపోతుంది. వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. లెక్క ప్రకారం అది 900 డిగ్రీలు దాటే వేడి. అక్కడ నూనె జిడ్డు, గ్రీజు, చేతికి రాసుకున్న క్రీము ఉంటే స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో భగ్గుమంటుంది. రెగ్యులేటర్ బిగించే ముందు వాల్వును ఒక్క క్షణం కొద్దిగా తెరిచి మూస్తే మూతిలోని దుమ్ము పోతుంది. ముఖం పక్కకు పెట్టుకుని చేయాలి. బిగుసుకుపోయిందని థ్రెడ్‌కు నూనె వేయడం అస్సలు కూడదు.

ఆక్సిజన్‌ను ద్రవంగా తీసుకెళ్ళాలంటే నొక్కితే చాలదు, మైనస్ 183 డిగ్రీల దాకా చల్లబరచాలి. అప్పుడు ఒక లీటరులో సుమారు 850 లీటర్ల వాయువు ఇముడుతుంది. 2021 ఏప్రిల్‌లో మహారాష్ట్ర నుంచి మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఖాళీ ట్యాంకర్లతో విశాఖ ఉక్కు కర్మాగారానికి వచ్చి నింపుకుని వెళ్ళింది అందుకే. అదే సరుకు సిలిండర్లలో పంపాలంటే ఉక్కు బరువే ఎక్కువయ్యేది. ఆసుపత్రి ఆవరణలో నిలబెట్టే తెల్లటి ట్యాంకులో మళ్ళీ బండ కథే నడుస్తుంది. ద్రవం, దాని పైన ఆవిరి. అక్కడ పై పీడనం చూస్తే సరుకు తెలియదు. అడుగు పీడనానికీ పై పీడనానికీ తేడా కొలుస్తారు, ఆ తేడా ద్రవం ఎత్తును చెబుతుంది. బయటి వేడి ఎంతో కొంత లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి కొంత ఆవిరిని అప్పుడప్పుడు వదలక తప్పదు. ట్యాంకు దగ్గర తెల్లటి పొగ కనబడితే అది గాలిలోని తేమ గడ్డకట్టడం.

విశాఖలోనే ఎల్‌పీజీని భూగర్భంలో, రాతిని తొలిచిన గుహలో దాస్తారు. సామర్థ్యం 60,000 టన్నులు, సముద్ర మట్టానికి 160 మీటర్లకు పైగా దిగువన. గుహ గోడలకు ఉక్కు తొడుగు లేదు. చుట్టూ రాతి పగుళ్ళలో ఉన్న నీరే కాపలా. ప్రతి 10 మీటర్ల నీటి లోతుకు ఒక బార్ చొప్పున ఆ నీటి పీడనం లోపలి బాష్ప పీడనం కంటే ఎక్కువ ఉంటుంది. అందుకే నీరు లోపలికి ఊరుతుంది తప్ప గ్యాస్ బయటికి పోదు. ఊరిన నీటిని తోడేస్తారు. రాయి ఏడాది పొడవునా ఒకే వేడిలో ఉంటుంది, పీడనం కూడా ఒకేలా ఉంటుంది. ఇంతకంటే తెలివైన గిడ్డంగి ఊహించడం కష్టం.

సీఎన్‌జీకి గేజ్ నిజమే చెబుతుంది గానీ మన ఎండల్లో ఒక మెలిక ఉంది. 200 బార్ల దగ్గర పంపు ఆగిపోతే, పట్టే గ్యాస్ ట్యాంకు లోపలి వేడికి విలోమంగా ఉంటుంది. కెల్విన్‌లో చూడాలి. 25 డిగ్రీలంటే 298, 42 డిగ్రీలంటే 315. వాయు నియమం ప్రకారం మధ్యాహ్నం నింపితే వందకు అయిదు పాళ్ళు తక్కువ. పైగా వేగంగా నింపేటప్పుడు ట్యాంకు లోపల ఇంకా వేడెక్కుతుంది. కాసేపటికి చల్లబడి ముల్లు దిగుతుంది, లీకైందని కంగారుపడతారు. లీకు కాదు. తెల్లవారుజామున నింపుకునే ఆటోవాళ్ళ అలవాటు సరైనది. మీథేన్ అణువు బరువు 16, గాలిలో సగం కంటే కాస్త ఎక్కువ. కారితే పైకి లేస్తుంది. పైపు గ్యాస్ ఇళ్ళలో డిటెక్టర్ సీలింగ్ దగ్గర, బండ ఉన్న ఇళ్ళలో నేల దగ్గర పెట్టాలి. కనెక్షన్ మారినప్పుడు పాత డిటెక్టర్‌ను అక్కడే వదిలేయడం చాలాచోట్ల జరుగుతుంది. అప్పుడది ఉన్నా లేనట్టే.

చివరిగా ఆ రెండు మంటలార్పే సిలిండర్లు. ఏబీసీలో పౌడరును నెట్టేది నైట్రోజన్, సుమారు 15 బార్లు. అది ఎప్పుడూ వాయువే కాబట్టి ముల్లు పచ్చ గీతలో ఉంటే నెట్టే బలం ఉన్నట్టే. ఎండకు 18 డిగ్రీలు పెరిగినా ముల్లు ఒక బార్ మాత్రమే కదులుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ది వేరే. 20 డిగ్రీల దగ్గర అది ద్రవం, ఆవిరి కలిసి 57 బార్ల దగ్గర ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీల కారిడార్‌లో సందిగ్ధ ఉష్ణోగ్రత దాటిపోయి, ద్రవమూ ఆవిరీ అన్న గీతే చెరిగిపోతుంది, పీడనం 100 బార్లు దాటుతుంది. డిసెంబర్‌లో ఊపితే లోపల కదిలినట్టు తెలిసే ద్రవం మేలో తెలియదు. అయినా సరుకు ఒక్క గ్రాము తగ్గలేదు. అందుకే దీన్నీ తూకమే వేస్తారు. నింపిన బరువులో వందకు పది పాళ్ళ కంటే ఎక్కువ తగ్గితే మళ్ళీ నింపించాలి. 4.5 కిలోల దానికి 450 గ్రాములు. మామూలు బాత్రూమ్ కాటా మీద ఇంత తేడా నమ్మకంగా తెలియదు, మంచి కాటా కావాలి.

దీన్ని వాడేటప్పుడు మూడు స్థితులూ కొన్ని క్షణాల్లో కనిపిస్తాయి. 5.2 బార్ల కంటే తక్కువ పీడనంలో ద్రవ కార్బన్ డయాక్సైడ్ నిలవదు. కొమ్ములోకి చిమ్మగానే కొంత వాయువు, మిగిలింది మైనస్ 78 డిగ్రీల మంచు పొడి. కొమ్మును ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు దెబ్బతింటుంది, పిడి దగ్గరే పట్టుకోవాలి. 4.5 కిలోలు పూర్తిగా వాయువైతే రెండున్నర ఘనపు మీటర్లు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న సర్వర్ గదిలో అది వందకు 9 పాళ్ళు, మనిషి స్పృహ తప్పడానికి చాలినంత. ఇదీ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువే, నేల దగ్గర పేరుకుంటుంది. మంట ఆరిందో లేదో వంగి చూడకుండా వెంటనే బయటికి రండి, తలుపు తెరిచే ఉంచండి, నేల దగ్గరి గాలి మారిందని తెలిసేదాకా ఎవరినీ లోపలికి పంపొద్దు.